మీ కారు ఇంజనుకు తగిన క్యామ్‌షాఫ్ట్‌ను ఎంచుకోవడం ఎలా?

"అన్నా, ఏ క్యామ్ వేస్తే బండి బాగా లాగుతుంది?" అని ఎవరో ఒకరు నన్ను అడగని నెల లేదు. ఇంజను వాల్వులను తెరిచే కడ్డీనే క్యామ్‌షాఫ్ట్, పొట్టిగా క్యామ్ అంటారు. అనంతపురం నుంచి ఒకరు పాత జిప్సీ గురించి, కడప నుంచి ఒకరు నాన్న వాడిన మారుతి 800 గురించి, కర్నూలు నుంచి ఇంకొకరు సెకండ్ హ్యాండులో కొన్న ఎస్టీమ్ గురించి అడుగుతారు. కారు మారుతుంది గాని ప్రశ్న మారదు. నేను తిరిగి ఒకటే అడుగుతాను: "మీ ఇంజను రోజులో ఎక్కువసేపు ఎన్ని ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర తిరుగుతుంది?" దీనికి మాత్రం ఎవరి దగ్గరా జవాబు ఉండదు. ఆ జవాబును మీరే రాబట్టుకుని, దాన్ని బట్టి క్యామ్‌ను ఎంచుకుని, బిగించిన తర్వాత సరిగా కూర్చుందో లేదో చూసుకునే పద్ధతిని ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

ఇది ఎవరికి, ఎవరికి కాదు

ఈ పద్ధతి టర్బో లేని పెట్రోలు ఇంజన్లకు, అందులోనూ వాల్వు టైమింగు మారకుండా స్థిరంగా ఉండే పాత ఇంజన్లకు వర్తిస్తుంది. హెడ్డులో ఒకే క్యామ్ ఉండి బెల్టుతో తిరిగే మారుతి 800, ఎస్టీమ్, జిప్సీ వంటివి, బ్లాకులోనే క్యామ్ ఉండి పుష్ రాడ్లతో వాల్వులను తెరిచే పాత అంబాసిడర్ వంటివి ఈ కోవలోకి వస్తాయి. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కియా కార్ల తయారీ మొదలైనప్పటి నుంచి మా వైపు కొత్త కార్ల వారు కూడా ఇదే ప్రశ్న వేస్తున్నారు. వారికి నా జవాబు, అందులో చేయి పెట్టవద్దనే. ఇప్పటి పెట్రోలు ఇంజన్లలో చాలావాటికి క్యామ్ చివర ఒక పరికరం ఉండి, ఈసీయూ (ఇంజనును నడిపించే కంప్యూటరు) చెప్పినట్లు క్యామ్‌ను ముందుకూ వెనక్కూ జరుపుతూ ఉంటుంది; అలాంటి ఇంజనులో క్యామ్ ఒక్కటే మారిస్తే ఈసీయూలోని లెక్కలన్నీ తప్పుతాయి, వారంటీ కూడా పోతుంది. కామన్ రైల్ డీజిల్ కార్ల వారు క్యామ్ జోలికి పోవలసిన అవసరమే లేదు.

చట్టం సంగతి కూడా ముందే చెప్పాలి. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లో నమోదైన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. అందులో క్యామ్ ప్రస్తావన ఉండదు గాని, పొల్యూషన్ పరీక్ష ప్రతి బండికీ తప్పదు, తప్పుడు క్యామ్ ఉన్న బండి మొదట దొరికిపోయేది అక్కడే.

కావలసినవి

- మీ ఇంజను వర్క్‌షాప్ మాన్యువల్, లేదా కనీసం అందులోని వాల్వు టైమింగు, లోబ్ ఎత్తు, టాపెట్ గ్యాపు (వాల్వు మూసి ఉన్నప్పుడు దానికీ దాన్ని నొక్కే భాగానికీ మధ్య వదిలే సందు) ఉన్న పేజీలు.
- 0.01 మి.మీ. వరకు చదివే 25–50 మి.మీ. మైక్రోమీటరు. ఈ పనికి వెర్నియర్ సరిపోదు.
- అయస్కాంతం స్టాండుతో డయల్ గేజ్.
- డిగ్రీ చక్రం. బజారులో దొరక్కపోతే 360 డిగ్రీల వృత్తాన్ని కనీసం 200 మి.మీ. వ్యాసంతో ప్రింటు తీసి, అల్యూమినియం రేకుకు అంటించి, నడిమధ్యన రంధ్రం చేసినా పని నడుస్తుంది.
- కంప్రెషన్ గేజ్, వాక్యూమ్ గేజ్, ఫీలర్ గేజ్.
- పిల్లలు బొమ్మలు చేసుకునే క్లే ఒక ముద్ద.
- కొలత టేపు, సుద్దముక్క, ఒక నోటుపుస్తకం.

తెలుసుకోవలసిన నాలుగు మాటలు

క్యామ్ మీద గుడ్డు ఆకారంలో ఉబ్బిన భాగాన్ని లోబ్ అంటారు. అది వాల్వును ఎంత ఎత్తు లేపుతుందో చెప్పేది లిఫ్ట్. ఎన్ని డిగ్రీల పాటు తెరిచి ఉంచుతుందో చెప్పేది డ్యురేషన్. పొగ బయటకు పోయే ఎగ్జాస్ట్ వాల్వు ఇంకా మూసుకోకముందే గాలి లోపలికి వచ్చే ఇన్‌టేక్ వాల్వు తెరుచుకోవడం వల్ల రెండూ కలిసి తెరిచి ఉండే కొద్ది సమయం ఓవర్‌ల్యాప్. ఇన్‌టేక్ లోబ్ శిఖరానికీ ఎగ్జాస్ట్ లోబ్ శిఖరానికీ మధ్య ఉండే కోణం లోబ్ సెపరేషన్. పిస్టన్లు తిప్పే క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరుగుతుంది కాబట్టి ఏ డిగ్రీలన్నది చూసుకోవాలి: డ్యురేషన్, ఓవర్‌ల్యాప్ క్రాంక్ డిగ్రీల్లో, లోబ్ సెపరేషన్ ఒక్కటి క్యామ్ డిగ్రీల్లో రాస్తారు.

1. ముందు పాత క్యామ్‌ను కొలవండి

బండి లాగడం లేదని వచ్చేవారిలో చాలామందికి కావలసింది కొత్త రకం క్యామ్ కాదు, అరగని క్యామ్. నాకు పని నేర్పిన పెద్ద మేస్త్రీ ఎవరు వచ్చి ఏమి అడిగినా, "ముందు ఉండేదాన్ని కొలిసి చూడప్పా" అనేవాడు. క్యామ్‌ను బయటకు తీసి, శుభ్రంగా తుడిచి, ప్రతి లోబ్ ఎత్తును మైక్రోమీటరుతో రెండు చోట్ల కొలిచి వరుసగా రాసుకోండి. ఒకసారి నేను కొలిచిన నాలుగు ఇన్‌టేక్ లోబ్‌ల ఎత్తులు 36.15, 36.14, 36.16, 35.82 వచ్చాయి. నాలుగోది మిగతావాటి కంటే 0.3 మి.మీ.కి పైగా అరిగిపోయింది. కంటితో చూస్తే అన్నీ ఒకేలా మెరుస్తున్నాయి, వేలి గోరు పెట్టి గీస్తేనే ఆ నాలుగోదాని ముక్కు మీద సన్నని గీతలు తగిలాయి. ఆ బండికి కంపెనీ కొలతలున్న కొత్త క్యామ్, కొత్త రాకర్లు (లోబ్ కదలికను వాల్వుకు అందించే చేతులు) వేసిన తర్వాత యజమాని మళ్లీ పికప్ మాట ఎత్తలేదు.

మాన్యువల్‌లో ఇచ్చిన కనిష్ఠ ఎత్తు కంటే ఏ ఒక్క లోబ్ తగ్గినా ఆ క్యామ్ పనికిరాదు. మాన్యువల్ దొరకకపోతే, ఒకే వరుసలోని లోబ్‌ల మధ్య 0.1 మి.మీ. మించి తేడా ఉన్నప్పుడు అనుమానించండి. దాంతోపాటు కంప్రెషన్, అంటే సిలిండరులో గాలి నొక్కుకునే ఒత్తిడి కూడా చూడండి. ఇంజను వేడిగా ఉన్నప్పుడు ప్లగ్గులన్నీ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి స్టార్టర్ తిప్పితే వచ్చే రీడింగులను రాసి పెట్టుకోండి. వీటి అవసరం తర్వాత వస్తుంది. రింగులు పోయిన ఇంజనుకు ఏ క్యామ్ వేసినా డబ్బు దండగే.

2. మీ ఇంజను ఎక్కడ బతుకుతుందో లెక్క వేయండి

ఇది మొత్తం పనిలో అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు, దాదాపు అందరూ వదిలేసే మెట్టు కూడా. టైరు కింద నేల తాకే చోట సుద్దతో గీత గీసి, ఇద్దరిని కారులో కూర్చోబెట్టి, చక్రం సరిగ్గా ఒక చుట్టు తిరిగేదాకా నెమ్మదిగా తోయండి. నేల మీద రెండు గుర్తుల మధ్య దూరమే చక్రం చుట్టుకొలత. గేరు నిష్పత్తులు, ఫైనల్ డ్రైవ్ నిష్పత్తి మాన్యువల్‌లో ఉంటాయి.

ఉదాహరణకు చుట్టుకొలత 1.8 మీటర్లు, ఫైనల్ డ్రైవ్ 4.1 అనుకుందాం. గంటకు 80 కి.మీ. అంటే నిమిషానికి 1,333 మీటర్లు; దాన్ని 1.8తో భాగిస్తే చక్రం నిమిషానికి 741 చుట్లు తిరుగుతుంది. నాలుగో గేరు నిష్పత్తి 1.0 అయితే ఇంజను 741 × 4.1, అంటే సుమారు 3,040 ఆర్‌పీఎం. ఐదో గేరు 0.8 అయితే 2,430. అదే కారు ఘాట్ రోడ్డులో మూడో గేరు 1.3తో 40 కి.మీ. వేగంతో ఎక్కుతుంటే సుమారు 1,970, రెండో గేరు 1.9తో 30 కి.మీ. వేగంతో పాకుతుంటే సుమారు 2,160.

ఇప్పుడు మీరు తిరిగే దారులను ఈ లెక్కలో పెట్టి చూడండి. కర్నూలు నుంచి గుత్తి మీదుగా అనంతపురానికి 44వ జాతీయ రహదారి మీద వెళ్లినా, కడప నుంచి రాయచోటికి గువ్వలచెరువు ఘాట్ ఎక్కినా, దోర్నాల నుంచి శ్రీశైలానికి నల్లమలలో మలుపులు తిరిగినా, ఇంజను 1,500 నుంచి 3,500 ఆర్‌పీఎం మధ్యనే ఉంటుంది. 5,500 దాటేది ఎప్పుడో, ఓవర్‌టేక్ చేసే నాలుగైదు సెకన్లలోనే. మీ క్యామ్‌ను ఆ నాలుగు సెకన్ల కోసం ఎంచుకుంటారా, మిగతా గంటల కోసం ఎంచుకుంటారా అన్నది ఇక్కడే తేలిపోతుంది.

మూడు రోజులు మీరు నడిపే తీరును గమనించి, ఏ గేరులో ఏ వేగంతో ఎంతసేపు ఉన్నారో నోటుపుస్తకంలో రాసుకోండి. ఏసీ ఎంతసేపు వేస్తారో, ఎందరు ఎక్కుతారో కూడా రాయండి. మేలో మా వైపు ఎండ 42 డిగ్రీలకు చేరినప్పుడు గాలి సాంద్రత, 15 డిగ్రీల చల్లని గాలితో పోలిస్తే సుమారు 8–9 శాతం తగ్గుతుంది, అంటే ఇంజనుకు ఊపిరే అంతమేరకు తగ్గుతుంది. పైగా ఏసీ కంప్రెసర్ భారం తోడవుతుంది. ఈ రెండూ కింది ఆర్‌పీఎంలలోనే ఎక్కువ బాధిస్తాయి.

3. కార్డు మీది అంకెలను చదవడం నేర్చుకోండి

కొత్త క్యామ్‌తో వచ్చే కార్డులో ఇలా ఉంటుంది అనుకోండి: ఇన్‌టేక్ టి.డి.సి.కి (పిస్టన్ అన్నిటికంటే పైన ఉండే చోటు) 12 డిగ్రీల ముందు తెరుచుకుని, బి.డి.సి. (అన్నిటికంటే కింద ఉండే చోటు) దాటిన 48 డిగ్రీలకు మూసుకుంటుంది, ఎగ్జాస్ట్ బి.డి.సి.కి 50 డిగ్రీల ముందు తెరుచుకుని, టి.డి.సి. దాటిన 10 డిగ్రీలకు మూసుకుంటుంది. ఇన్‌టేక్ డ్యురేషన్ 12 + 180 + 48 = 240, ఎగ్జాస్ట్ 50 + 180 + 10 = 240, ఓవర్‌ల్యాప్ 12 + 10 = 22 డిగ్రీలు. ఇన్‌టేక్ లోబ్ శిఖరం 240లో సగం నుంచి 12 తీసివేస్తే టి.డి.సి. తర్వాత 108 దగ్గర, ఎగ్జాస్ట్ శిఖరం 120 నుంచి 10 తీసివేస్తే టి.డి.సి.కి ముందు 110 దగ్గర ఉంటాయి. ఈ రెండింటి సగటు 109, అదే లోబ్ సెపరేషన్. కార్డులో రాసినవాటితో మీ లెక్క సరిపోకపోతే అమ్మేవారిని అడగండి; జవాబు చెప్పలేని చోట కొనకండి.

ఇక్కడ ఎక్కువమంది పడే గుంట ఒకటుంది. డ్యురేషన్‌ను వాల్వు కదలడం మొదలైన క్షణం నుంచి కొలిచే వారున్నారు, 1.27 మి.మీ. లేచిన తర్వాత నుంచి కొలిచే వారున్నారు, 1 మి.మీ. నుంచి కొలిచే వారూ ఉన్నారు. ఒకే క్యామ్‌కు ఒక చోట 256 డిగ్రీలు, మరో చోట 208 డిగ్రీలు అని రాసి ఉండవచ్చు, రెండూ నిజమే. ఏ లిఫ్ట్ దగ్గర కొలిచారో రాయని అంకెను మరో అంకెతో పోల్చకండి.

4. డ్యురేషన్‌ను మీ ఆర్‌పీఎంకు తగ్గట్టు ఎంచుకోండి

డ్యురేషన్ పెరిగితే ఇన్‌టేక్ వాల్వు ఆలస్యంగా మూసుకుంటుంది. ఆర్‌పీఎం ఎక్కువగా ఉన్నప్పుడు లోపలికి వచ్చే గాలికి ఊపు ఉంటుంది కాబట్టి, పిస్టన్ పైకి బయలుదేరిన తర్వాత కూడా అది సిలిండరులోకి తోసుకొస్తుంది. ఆర్‌పీఎం తక్కువగా ఉన్నప్పుడు ఆ ఊపు ఉండదు కాబట్టి లోపలికి వచ్చిన గాలే తిరిగి మానిఫోల్డులోకి (గాలి వచ్చే గొట్టాల్లోకి) పోతుంది. పైన లాగే క్యామ్ కింద ఎందుకు చతికిలపడుతుందో చెప్పడానికి ఇంతకంటే సిద్ధాంతం అక్కరలేదు.

1.27 మి.మీ. దగ్గర కొలిచిన డ్యురేషన్‌ను బట్టి ఉజ్జాయింపుగా ఇలా అనుకోవచ్చు: 190–205 డిగ్రీలు కంపెనీ క్యామ్‌ల స్వభావం, కింది నుంచి 4,500 దాకా హాయిగా లాగుతుంది, 205–215 మెత్తని మార్పు, 1,500 నుంచి 5,500 దాకా పనిచేస్తుంది, 215–230 అయితే 2,500 లోపు బలం స్పష్టంగా తగ్గుతుంది, 235 దాటినది రేసు కోసమే గాని ఊరి కోసం కాదు. చిన్న ఇంజనులో ఒకే డ్యురేషన్ ఇంకా దూకుడుగా ప్రవర్తిస్తుంది కాబట్టి, వెయ్యి సీసీ లోపు వారు ఈ అంకెల్లో కింది చివరనే పట్టుకోవాలి. రెండు క్యామ్‌ల మధ్య తేల్చుకోలేకపోతే తక్కువ డ్యురేషన్ ఉన్నదాన్నే తీసుకోండి.

ఈ మాట నేను అనుభవించి చెబుతున్నాను. నా కార్బురేటర్ 800కు ఒకసారి మోజుపడి, అప్పటిదానికంటే దాదాపు 25 డిగ్రీలు ఎక్కువ డ్యురేషన్ ఉన్న క్యామ్ వేయించుకున్నాను. ఖాళీ రోడ్డు మీద 4,000 దాటగానే బండి కొత్త ప్రాణం వచ్చినట్లు దూకేది, సైలెన్సరు మోత విని నేను మురిసిపోయేవాణ్ని. వారం తిరగకుండానే నలుగురం ఎక్కి రాయచోటికి బయలుదేరితే, గువ్వలచెరువు ఘాట్‌లో మూడో హెయిర్‌పిన్ దగ్గర రెండో గేరులో ఇంజను ఊగిపోయి, మొదటి గేరులోకి దించితే గాని కదలలేదు. వెనుక శనగకాయ మూటల లారీ హారను కొడుతూనే ఉంది. క్యామ్‌లో లోపం లేదు, ఎంపికలో ఉంది.

5. లిఫ్ట్ విషయంలో వాల్వు వ్యాసాన్ని అడగండి

వాల్వు తన వ్యాసంలో నాలుగో వంతు ఎత్తు లేచేసరికి, దాని చుట్టూ ఏర్పడిన సందు వైశాల్యం వాల్వు రంధ్రం వైశాల్యంతో సమానమవుతుంది. 36 మి.మీ. వాల్వుకు అది 9 మి.మీ. అక్కడి నుంచి ఇంకా లేపితే దక్కే లాభం తగ్గుతూ పోతుంది, స్ప్రింగుల మీద భారం మాత్రం పెరుగుతూ పోతుంది. రాకర్లు ఉన్న ఇంజన్లలో లోబ్ లిఫ్ట్‌ను రాకర్ నిష్పత్తితో హెచ్చించి టాపెట్ గ్యాపును తీసివేయాలి: లోబ్ 6 మి.మీ., రాకర్ 1.5, గ్యాపు 0.2 అయితే వాల్వు లేచేది 8.8 మి.మీ. లోబ్ లిఫ్ట్‌నే వాల్వు లిఫ్ట్ అనుకుని పెద్ద క్యామ్ తెచ్చుకునేవారు తరచుగా కనిపిస్తారు.

6. ఓవర్‌ల్యాప్ దగ్గర బ్రేకులను గుర్తుంచుకోండి

లోబ్ సెపరేషన్ 104–108 మధ్య ఉంటే ఓవర్‌ల్యాప్ పెరుగుతుంది, ఐడ్లింగ్ గరుకుగా ఉంటుంది, బలం ఒక ఇరుకు పట్టీలో వస్తుంది. 110–114 అయితే ఐడ్లింగ్ మెత్తగా, బలం విశాలంగా ఉంటుంది. రోడ్డు బండికి రెండోదే నా ఎంపిక.

కారణం సుఖం ఒక్కటే కాదు. ఓవర్‌ల్యాప్ ఎక్కువైతే ఐడ్లింగ్‌లో మానిఫోల్డు వాక్యూమ్ (గాలిని పీల్చే శక్తి) పడిపోతుంది, పెడల్‌కు బలం తోడిచ్చే బ్రేకు బూస్టరు బతికేది ఆ వాక్యూమ్ మీదే. ఆరోగ్యంగా ఉన్న మామూలు ఇంజను ఐడ్లింగ్‌లో సముద్రమట్టం దగ్గర 17 నుంచి 21 అంగుళాల (పాదరసం) వాక్యూమ్ చూపిస్తుంది. ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకు సుమారు ఒక అంగుళం తగ్గుతుంది కాబట్టి అనంతపురంలో ఒక అంగుళం తక్కువ చూపితే కంగారుపడనక్కరలేదు. గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేసి దిగుతున్నప్పుడు వాక్యూమ్ బాగానే ఉంటుంది. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో వేసి ఘాట్ దిగే చెడ్డ అలవాటున్న వారికి మాత్రం, పెద్ద క్యామ్ ఉన్న బండిలో రెండు మూడు సార్లు బ్రేకు తొక్కేసరికి పెడల్ రాయిలా బిగుసుకుపోతుంది.

మానిఫోల్డు ఒత్తిడిని కొలిచే మ్యాప్ సెన్సరు ఉన్న ఇంజెక్షన్ బండిలో మరో చిక్కు వస్తుంది. వాక్యూమ్ తగ్గడాన్ని ఈసీయూ ఇంజను మీద భారం పడినట్లు అర్థం చేసుకుని ఎక్కువ పెట్రోలు పోస్తుంది. బి.ఎస్.-4 కాలుష్య ప్రమాణాల పెట్రోలు కారుకు ఐడ్లింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం దాటకూడదు. ఇలాంటి బండి ఆ పరీక్షలో తప్పుతుంది.

7. కంప్రెషన్‌ను, స్కిమ్మింగ్‌ను లెక్కలోకి తీసుకోండి

ఇన్‌టేక్ ఆలస్యంగా మూసుకుంటే నొక్కడానికి గాలి తక్కువ మిగులుతుంది. అందుకే పెద్ద క్యామ్‌లకు ఎక్కువ కంప్రెషన్ నిష్పత్తి కావాలంటారు. కానీ నిష్పత్తిని పెంచితే మన ఎండల్లో నాకింగ్ (పెట్రోలు తనంతట తానే మండి టకటకమనడం) మొదలవుతుంది. నిష్పత్తిని ముట్టుకోకుండా సరిపోయే క్యామ్‌నే వెతకండి.

మా వైపు పాత కార్లలో వేడెక్కి హెడ్డు వంగి, ఒక్కసారైనా స్కిమ్మింగ్ (హెడ్డు అడుగును చదునుగా చెక్కడం) చేయించనిది అరుదు. హెడ్డులో క్యామ్ ఉన్న ఇంజనుకు స్కిమ్మింగ్ చేస్తే క్యామ్, క్రాంక్ దగ్గరవుతాయి, మార్కులు కలిసినా క్యామ్ కొద్దిగా వెనకబడుతుంది. 100 మి.మీ. వ్యాసం ఉన్న క్యామ్ పుల్లీతో 0.5 మి.మీ. తీస్తే వెనకబాటు సుమారు 1 క్రాంక్ డిగ్రీ. రెండు మూడు సార్లు తీసిన హెడ్డుకు ఇది లెక్కకు వస్తుంది, పిస్టన్‌కూ వాల్వుకూ మధ్య చోటు కూడా అంతే తగ్గుతుంది. హెడ్డు మందాన్ని కొలిచి మాన్యువల్‌తో పోల్చండి.

8. కొత్తదా, గ్రైండింగ్ చేయించినదా?

పాత క్యామ్‌నే గ్రైండింగ్ చేయించి లిఫ్ట్ పెంచుకోవడం చవక. అయితే లోబ్‌కు లోహం కలిపేదేమీ ఉండదు. కింది గుండ్రని భాగాన్ని తగ్గించి ఎత్తు పెరిగినట్లు చేస్తారు. దానివల్ల రాకరు కోణం మారుతుంది, టాపెట్ స్క్రూ చాలకపోవచ్చు, పైన ఉండే గట్టి పొర పలచబడుతుంది. చేసేవారిని మూడు విషయాలు అడగండి: ఏ మాస్టరు (నమూనా) చూసి గ్రైండ్ చేస్తారు, ఎంత లోహం తీస్తారు, తర్వాత గట్టిదనం పరీక్షిస్తారా. వెల్డింగు పోసి నింపిన లోబ్‌లున్న క్యామ్‌ను తీసుకోకండి. రోలర్ లేని టాపెట్లు, రాకర్లు ఉన్న ఇంజనులో క్యామ్ మారిస్తే అవి కూడా మారాలి. అరిగిన పాత రాకరు కొత్త లోబ్‌ను కొద్ది రోజుల్లోనే తినేస్తుంది.

9. లోపల చోటు ఉందో లేదో క్లేతో చూడండి

హెడ్డు విప్పి ఉన్నప్పుడే ఒక పిస్టన్ మీద, వాల్వులు వచ్చే చోట, క్లేను వేలెడు మందాన పరిచి పైన పలచగా నూనె రాయండి. హెడ్డును పాత గ్యాస్కెట్‌తో బిగించి, టైమింగు కలిపి, టాపెట్ గ్యాపు సరిచేసి, క్రాంక్‌ను స్పానరుతో నెమ్మదిగా రెండు పూర్తి చుట్లు తిప్పండి. ఎక్కడైనా గట్టిగా తగిలినట్లు అనిపిస్తే అక్కడే ఆగిపోండి. హెడ్డు తీసి, క్లే మీద పడిన వాల్వు గుర్తును బ్లేడుతో నిలువుగా కోసి, అతి పలుచని చోట మందం కొలవండి. ఇన్‌టేక్ వైపు 2 మి.మీ., ఎగ్జాస్ట్ వైపు 2.5 మి.మీ. కంటే తగ్గకూడదు. ఎగ్జాస్ట్ వాల్వు వేడికి ఎక్కువ సాగుతుంది కాబట్టి దానికి ఎక్కువ చోటు.

వాల్వు పూర్తిగా లేచినప్పుడు స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి ఆనకుండా మొత్తం మీద 1.5 మి.మీ. మిగలాలి, స్ప్రింగును పట్టి ఉంచే రిటైనరుకూ వాల్వు సీలుకూ మధ్య కూడా అంతే.

10. మార్కులను నమ్మకుండా డిగ్రీ చూడండి

క్రాంక్‌కు డిగ్రీ చక్రం బిగించి, వంచిన తీగతో ముల్లు పెట్టండి. ప్లగ్గు రంధ్రంలో పిస్టన్‌ను ఆపే స్టాపరు పెట్టి, క్రాంక్‌ను ఒక వైపు ఆగేదాకా, తర్వాత రెండో వైపు ఆగేదాకా తిప్పితే, ఆ రెండు రీడింగులకు సరిగ్గా మధ్యనున్నదే అసలైన టి.డి.సి. చక్రాన్ని దానికి సరిచేసి స్టాపరును తీసేయండి. ఇప్పుడు డయల్ గేజ్‌ను మొదటి సిలిండరు ఇన్‌టేక్ వాల్వు రిటైనరు మీద నిటారుగా ఆనించి, శిఖరానికి 1 మి.మీ. ముందు, శిఖరం దాటిన తర్వాత 1 మి.మీ. దిగినప్పుడు డిగ్రీలు రాసుకోండి. అవి 72, 148 అయితే సగటు 110. కార్డులో 106 అని ఉంటే మీ క్యామ్ 4 డిగ్రీలు వెనకబడి ఉందన్నమాట.

క్రాంక్‌ను ఎప్పుడూ ఇంజను తిరిగే దిశలోనే తిప్పండి. రీడింగు దాటిపోయిందని వెనక్కి తిప్పితే బెల్టు వదులు వల్ల లెక్క తప్పుతుంది. సరిచేయడానికి స్లాటు రంధ్రాలున్న పుల్లీ దొరికితే మంచిది, లేకపోతే ఆఫ్‌సెట్ కీ వాడతారు. క్యామ్‌ను రెండు మూడు డిగ్రీలు ముందుకు జరిపితే బలం కింది ఆర్‌పీఎంకు దిగుతుంది, వెనక్కి జరిపితే పైకి పోతుంది. ఘాట్లలో తిరిగేవారు కార్డు చెప్పిన చోటనో, కొంచెం ముందుగానో ఉంచడం మేలు. ముందుకు జరిపితే ఇన్‌టేక్ వాల్వు పిస్టన్‌కు దగ్గరవుతుంది కాబట్టి, జరిపిన తర్వాత తొమ్మిదో మెట్టును మళ్లీ చేయాలి.

11. మొదటి అరగంట

రోలర్ లేని క్యామ్‌కు లోబ్‌ల మీద అసెంబ్లీ పేస్టు పూసి, జింక్, ఫాస్ఫరస్ తగినంత ఉన్న ఆయిలు పోయండి. నీళ్లు, పెట్రోలు, స్పార్కు టైమింగు అన్నీ ముందే సరిచూసుకోండి, ఎందుకంటే స్టార్టు కాగానే ఇంజనును 2,000–2,500 ఆర్‌పీఎం మధ్య 20 నుంచి 30 నిమిషాలు నడపాలి. ఐడ్లింగ్‌లో వదిలేసి శబ్దం వింటూ నిలబడటం ఈ సమయంలో చేయకూడని పని. తక్కువ ఆర్‌పీఎంలో లోబ్‌ల మీదికి ఆయిలు చాలినంత చిమ్మదు, స్ప్రింగు ఒత్తిడి మాత్రం పూర్తిగా ఉంటుంది. వేడి పెరుగుతుంటే ఆపి, చల్లారాక మిగతా సమయం పూర్తి చేయండి. మే నెలలో ఈ పనిని తెల్లవారుజామునే పెట్టుకోండి. తర్వాత ఆయిలు, ఫిల్టరు మార్చండి.

12. ఫలితాన్ని చూసుకోవడం

మోత పెరిగింది కాబట్టి బలం పెరిగిందనుకోవడం అందరికీ కలిగే భ్రమ. పని మొదలుపెట్టకముందు, ముగిసిన తర్వాత ఈ నాలుగింటినీ పోల్చండి: ఖాళీగా ఉండే ఒకే నేరు రోడ్డు మీద, ఒకే వేళలో, అంతే బరువుతో, మూడో గేరులో 40 నుంచి 80 కి.మీ. చేరడానికి పట్టే సెకన్లు, ఐడ్లింగ్ వాక్యూమ్, మొదటి మెట్టులో రాసిపెట్టుకున్న కంప్రెషన్, ఫుల్ ట్యాంకు నుంచి ఫుల్ ట్యాంకు పద్ధతిలో మైలేజీ. సెకన్లను రెండు వైపులా మూడేసి సార్లు తీసి సగటు చూడండి.

అన్ని సిలిండర్లలో కంప్రెషన్ ఒకేలా కొద్దిగా తగ్గితే అది క్యామ్ స్వభావం. ఒక్కదానిలోనే బాగా తగ్గితే ఆ సిలిండరులో టాపెట్ గ్యాపు తక్కువై వాల్వు పూర్తిగా మూసుకోవడం లేదేమో చూడండి. అన్నిటిలో ఎక్కువగా తగ్గి, బండి కింద మందగించి పైన మాత్రమే లాగుతుంటే బెల్టు ఒక పన్ను తప్పి ఉండవచ్చు. కార్బురేటర్ బండి యాక్సిలరేటర్ తొక్కగానే ఒక క్షణం తడబడితే క్యామ్‌ను తిట్టకుండా జెట్లను, స్పార్కు టైమింగును చూడండి.

టాపెట్ గ్యాపును 500 కి.మీ. దగ్గర ఒకసారి, 1,000 దగ్గర మరోసారి సరిచూడాలి. తీసిన పాత క్యామ్‌ను పారేయకండి. ఆయిలు పూసి, ప్లాస్టిక్ సంచిలో చుట్టి, రాకర్లను ఏ సిలిండరువి ఆ సిలిండరుకే చీటీ కట్టి, వంగిపోకుండా నిలువుగా వేలాడదీయండి. నా 800లో ఇప్పుడు తిరుగుతున్నది అలా వేలాడదీసి ఉంచిన పాత క్యామే.